ఫర్నిచరు షాపు కింద బడి

ఆ రోజు పొద్దున పదిన్నరకి మూడో పీరియడు గంట కొట్టాలి. గంటమ్మ సుత్తి తీసుకుని వరండాలోకి వచ్చి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, చెవులు చిల్లులు పడేలా చప్పుడు వచ్చింది. ‘ఇంకా కొట్టనే లేదే!’ అనుకుంది వెర్రిదానిలా. మరుక్షణం గోడ మొదట్లో బోర్లా పడి ఉంది, నోటి నిండా సున్నం.

ఫిరంగి గుండు మేడమెట్ల మీద పడింది. హెడ్మాస్టరు గారు సరిగ్గా అప్పుడే ఎనిమిదో తరగతి పిల్లల్ని కిందికి దింపుతున్నారు. “పరిగెత్తకండర్రా, వరసగా, వరసగా!” అన్న ఆయన కేక చప్పుడుకి ముందు ఆమెకి వినబడింది కూడా. పొగలో తడుముకుంటూ వెళ్లేసరికి ఆయన మెట్ల మలుపులో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నడుం దాకా ఇటుకలు. కళ్లజోడు చెక్కు చెదరలేదు. “లేవండి సార్, లేవండి” అంటూ ఆమె ఉత్త చేతులతో ఇటుకలు లాగి పారేసింది. గోళ్లు చిట్లి రక్తం కారుతున్నా తెలియలేదు. ఇటుకలన్నీ తీశాక చూస్తే, నడుం కింద ఆయన లేరు.

అదే మెట్ల మీద ఇద్దరు ఆడపిల్లలు కూడా పోయారు. అందులో ఒకమ్మాయిని గంటమ్మే గుర్తుపట్టింది, జడ రిబ్బను చూసి. మొహం చూసి గుర్తుపట్టే వీలు లేకపోయింది.

ఆమె ఆ బడిలో అటెండరు. ఇరవై ఏడేళ్లుగా గంట కొట్టడం, గదులు ఊడ్చడం, కుండల్లో నీళ్లు నింపడం, ఆలస్యంగా వచ్చినవాళ్లని గేటు దగ్గర నాలుగు చీవాట్లు పెట్టి లోపలికి వదలడం ఆమె పని. ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు ఆ వీధిలో నలుగురైనా ఉండరు. పిల్లలు గంటమ్మ అన్నారు, వాళ్ల పిల్లలూ గంటమ్మే అన్నారు. తల్లి పోయేనాటికి ఆమెకి పదహారేళ్లు, తమ్ముడికి ఆరు. వాణ్ణి చంకనేసుకుని వంటా వార్పూ చూసుకుంటూనే పదో తరగతి పరీక్షకి మూడుసార్లు కూర్చుంది. మూడుసార్లూ లెక్కలు ఆమెని ముంచేశాయి. తమ్ముడు మాత్రం అదే బడిలో చదివి మొదటిసారికే గట్టెక్కాడు. ఆ రోజు ఆమె కాలు నేల మీద నిలవలేదు. పెళ్లయింది, మూడేళ్లకే భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు, పిల్లలు లేరు. “నాకు పిల్లలు లేరంటారేంటి, ఆరు వందల మంది ఉంటే!” అని తనే నవ్వేసేది.

గుండు పడ్డ మర్నాడే బడి మూతపడింది. ఊరి మధ్యలో ఏరు. అవతలి ఒడ్డు సర్కారు సైన్యం చేతిలో, ఇవతలి ఒడ్డు తుపాకుల వాళ్ల చేతిలో. మధ్యలో ఒక్క వంతెన. టీచర్లలో దారి దొరికినవాళ్లు దొరికినట్టు వెళ్లిపోయారు. గంటమ్మకి వెళ్లడానికి ఎవరూ లేరు, ఉన్న ఒక్క తమ్ముడూ ఇక్కడే తుపాకుల వాళ్లలో చేరిపోయాడు. కొన్నాళ్లు బడి ప్రహరీ పక్కన తన ఒంటి గదిలో చేతులు ముడుచుకుని కూర్చుంది.

ఆమెని లేపినవాళ్లు పిల్లలే. ఒక రోజు నీళ్ల కోసం బిందె పట్టుకుని వెళ్తుంటే సందు మలుపులో రెండో తరగతి వాళ్లు ఆడుకుంటున్నారు. ఏం ఆటో తెలియక నిలబడి చూసింది. ముగ్గురు కర్రలు పట్టుకున్నారు. ఇద్దరు గోడకి మొహం తిప్పి చేతులు పైకెత్తి నిలబడ్డారు. “జేబులు తియ్యి! మోకాళ్ల మీద కూర్చో!” అన్నాడు వాళ్లలో గుమ్మటంలాంటి ఒక బుడ్డోడు. కర్ర గురిపెట్టి నోటితో చప్పుడు చేశాడు. గోడ దగ్గర పిల్ల పక్కకి ఒరిగి పడిపోయింది. చచ్చినవాళ్లని దగ్గర్నుంచి చూసిన పిల్ల పడ్డట్టు పడింది, కాలు ఒకటి కిందికి మడిచి, నోరు తెరిచి.

అదే వారంలో ఆరో తరగతి కుర్రాడొకడు రోడ్డు మీద దొరికిన ఇనప ముక్కని రాయితో కొట్టి చూశాడు. కుడి చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

“ఇలా వదిలేస్తే వీళ్లు ఒక్కొక్కళ్లూ ఇలాగే పోతారు బాబాయ్ గారూ,” అంది గంటమ్మ మర్నాడు, సర్వేయరు గారి తలుపు కొట్టి.

సర్వేయరు గారంటే పదవీ విరమణ చేసిన భూముల సర్వేయరు, డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఫర్నిచరు షాపు పైన మేడ మీద ఒక్కడే ఉండేవాడు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. షాపు యజమాని ఊరు వదిలిపోతూ తాళాలు ఆయన చేతిలో పెట్టి పోయాడు.

“నన్నేం చెయ్యమంటావు?” అన్నాడాయన.

“మీ కింద నేలమాళిగ ఉంది. మీకు లెక్కలొచ్చు.”

“నాకు లెక్కలొచ్చు, పిల్లలు రారు. నేను చూస్తేనే ఏడుస్తారు.”

“ఏడవనివ్వండి. ఏడుస్తూ కూడా ఎక్కాలు చెప్పొచ్చు.”

ఆయన లోపలికెళ్లి తాళాల గుత్తి తెచ్చాడు.

నేలమాళిగలో అమ్ముడుపోని సామానంతా ఉంది. భోజనాల బల్లలు, ప్లాస్టిక్కు కాగితం విప్పని పరుపులు, నిలువెత్తు బీరువాలు. బీరువాల అద్దాలు పగిలితే పిల్లల మీద పడతాయని ఇద్దరూ కలిసి వాటిని గోడ వైపు తిప్పేశారు. అలా తిప్పితే బీరువాల వెనక చెక్కలు ఇటు వచ్చాయి. వాటికి నల్లరంగు పూస్తే నాలుగు బ్లాక్‌బోర్డులు తయారు. పరుపులు మెట్ల దగ్గర అడ్డంగా నిలబెట్టారు, గుండు తునకలు లోపలికి ఎగిరి రాకుండా. గంటమ్మ కాళ్లకి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. నెల తిరిగేసరికి అరవై మూడు.

లెక్కలు, సైన్సు సర్వేయరు గారివి. మిగతావి ఆమెవి. పదో తరగతి పాస్ కాని మనిషి పదో తరగతికి చరిత్ర ఎలా చెప్పిందంటే, ఇరవై ఏడేళ్లు కిటికీ బయట చీపురు పట్టుకుని విని విని ఆమెకి పాఠాలన్నీ నోటికొచ్చు. ఏ పాఠం ఏ నెలలో అవుతుందో కూడా తెలుసు. చరిత్ర మేస్టారు రెండో అధ్యాయంలో దగ్గే దగ్గుతో సహా, ఏటా వేసే ఒకే ఒక్క జోకుతో సహా అప్పజెప్పేది. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. పైన ఎక్కడో గుండు పడి సీలింగు మట్టి రాలితే నవ్వు ఠక్కున ఆగేది. ఆమె ఆగేది కాదు. “ఊఁ, ఎక్కడున్నాం?” అని పుస్తకం మీది మట్టి దులిపేది.

తమ్ముడు వచ్చింది చలికాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం.

తనతో ఇంకో ఐదుగురు. మెట్ల దగ్గర పరుపులు పక్కకి తోసి దిగారు. పిల్లలంతా బల్లల కిందికి దూరారు, అలా దూరడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. తమ్ముడు చుట్టూ చూశాడు. గడ్డం పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. వాడి కళ్ల కింద నలుపు చూసి గంటమ్మకి ముందు వచ్చిన మాట, “అన్నం తింటున్నావా లేదా?” అన్నదే.

“తింటున్నాలే అక్కా. కందకాలు తవ్వడానికి మనుషులు కావాలి. పెద్దపిల్లల్ని తీసుకెళ్తాం. వారం రోజులు.”

“ఇక్కడ పెద్దవాళ్లెవరూ లేరు.”

“పద్నాలుగు దాటినవాళ్లు చాలు.”

“ఎవరికి ఎన్నేళ్లో నీకెలా తెలుసు?”

వాడు తన తుపాకీని నేల మీద నిలువుగా పెట్టించి, దాని పైన రెండు జానల ఎత్తున గోడ మీద బొగ్గుతో గీత గీయించాడు. ఆ గీత దాటిన మగపిల్లలంతా ఇటు రమ్మన్నాడు. నలుగురు దాటారు. నాలుగోవాడు దర్జీ కొడుకు. వాడికి పదమూడే. కానీ మనిషి తాటిచెట్టులా సాగాడు, అందరూ పొడుగోడు అనేవాళ్లు. దర్జీ కొడుకై ఉండీ ప్యాంటు ఎప్పుడూ చీలమండకి జానెడు పైనే ఉండేది. “మా నాన్న కుట్టేలోపే నేను పెరిగిపోతున్నా” అని వాడే చెప్పి నవ్వేవాడు.

గంటమ్మ వెళ్లి మెట్లకి అడ్డంగా నిలబడింది.

“వీడికి పదమూడు. బడిలో చేర్చినప్పుడు పుట్టినరోజు రాయించింది నా ఎదురుగానే.”

“తప్పుకో అక్కా.”

“తప్పుకోను. ఏం చేస్తావు? నిన్ను చంకనేసుకుని ఇదే బడికి తీసుకొచ్చాను. నీ ముక్కు తుడిచాను. ఈ పిల్లల మీద చెయ్యి వేస్తే…”

వెనకనున్న ఐదుగురిలో ఒకడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వే వాణ్ణి రెచ్చగొట్టిందేమో. తమ్ముడు తుపాకీ తిప్పి దాని మడమతో ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు సర్వేయరు గారికి గది అవతలికి వినబడింది. ఆమె పడిపోలేదు, మెట్ల కమ్మీ పట్టుకుంది. రెండో దెబ్బ మొహం మీద. ముందు పళ్లు మూడు నేల మీద పడ్డాయి. ఆ తర్వాత కింద పడ్డ ఆమె మీద నుంచి దాటుకుంటూ పిల్లల్ని నడిపించుకుపోయారు. పొడుగోడు దాటబోతూ ఆగి, “గంటమ్మా, గంటమ్మా” అన్నాడు. వాణ్ణి మెడ పట్టి తోసేశారు.

సర్వేయరు గారు ఆమె తలని ఒళ్లో పెట్టుకుని, తన చొక్కా చింపి నోట్లో కుక్కాడు రక్తం ఆగడానికి. బల్లల కింద నుంచి పిల్లలు ఒక్కరూ బయటికి రాలేదు. కాసేపటికి ఆమె గుడ్డ ఉమ్మేసి, వాచిపోయిన నోటితో ఏదో అంది. ఆయన వంగి చెవి పెట్టాడు.

“ఇంటికి పంపకండి,” అంటోంది. “ఇప్పుడు పంపితే మళ్లీ రారు. రెండు లెక్కలు చేయించి పంపండి.”

ఆయన లేచాడు. చొక్కా లేకుండానే, ఆమె రక్తం అంటిన బనీనుతోనే బోర్డు మీద భిన్నాలు రాశాడు.

వారం కాదు, పన్నెండు రోజులయ్యాక ముగ్గురు తిరిగొచ్చారు. పొడుగోడిని తోపుడుబండి మీద తెచ్చారు. ఏటి ఒడ్డున కందకంలో ఉండగా అవతలి నుంచి గుండు పడింది. మిగతావాళ్లు కందకంలో వంగి కూర్చున్నారు, తల బయటికి కనిపించింది వీడిది ఒక్కడిదే. గంటమ్మ చెయ్యి మెడకి కట్టుకుని దర్జీ ఇంటికి వెళ్లింది. దర్జీ కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు, మిషనులో గుడ్డ లేదు, తొక్కుతూనే ఉన్నాడు. దర్జీ భార్య కొడుకు మీద కప్పిన దుప్పటి అంచు పట్టుకుని లాగి లాగి పాదాలు కప్పడానికి చూస్తోంది. దుప్పటి చాలడం లేదు. పాదాలు కప్పితే మొహం బయటపడుతోంది. మొహం అనడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

“నువ్వు పిలవకపోతే వాడు ఇంట్లోనే ఉండేవాడు,” అంది దర్జీ భార్య తల ఎత్తకుండా.

గంటమ్మ తన కొంగు విప్పి ఆ పాదాల మీద కప్పింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె నేలమాళిగకి వెళ్లలేదు. ఐదో రోజు వెళ్లింది. ఎందుకు వెళ్లావని ఆ తర్వాత చాలామంది అడిగారు. “ఇంట్లో కూర్చుంటే ఆ దుప్పటే కనిపిస్తోంది” అని మాత్రం చెప్పేది.

మళ్లీ బడి మొదలైన రెండు వారాలకి మరదలు వచ్చింది, తమ్ముడి భార్య. పక్కన కూతురు. పదిహేనేళ్ల పిల్ల, పదో తరగతి. మరదలు మెట్ల మీదే ఆగిపోయి, గంటమ్మ నోట్లో పళ్ల ఖాళీ చూసి, చూపు దించుకుంది.

“వదినా, మొహం చెల్లక ఇన్నాళ్లూ రాలేదు. దీని చదువు పాడైపోతోంది. ఆయనకి చెప్పకుండా తీసుకొచ్చాను.”

గంటమ్మ మేనకోడల్ని చూసింది. పిల్ల అత్త భుజం కట్టు వైపే చూస్తోంది. గంటమ్మకి లోపల్నుంచి ఏదో మంటలా లేచింది. ‘మీ నాన్న గీత గీశాడే, ఆ గీత పక్కనే కూర్చో’ అని అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు.

“మూడో బల్ల దగ్గర చోటుంది. కూర్చో,” అంది.

ఆ మాట వీధంతా పాకింది. మర్నాడు దర్జీ భార్య దిగి వచ్చింది. గుడ్డలు కత్తిరించే బరువైన కత్తెర చేతిలో ఉంది. ఎవరూ ఏమీ అనేలోపే మూడో బల్ల దగ్గరికి వెళ్లి మేనకోడలి జుట్టు గుప్పిట పట్టి తల వెనక్కి వంచింది.

“నీ అబ్బ నా కొడుకుని తిన్నాడే!”

గంటమ్మ పరిగెత్తి ఒంటి చేత్తో ఆ కత్తెర పట్టుకుంది. అరచెయ్యి ఎముక దాకా తెగింది. వదల్లేదు. ఇద్దరూ బల్లకి కొట్టుకుని కింద పడ్డారు. పిల్లలు కేకలు. దర్జీ భార్య కొడుతూనే ఉంది, గంటమ్మ గుండెల మీద, విరిగిన భుజం మీద, గుప్పిళ్లతో. గంటమ్మ కొట్టించుకుంది. కొట్టి కొట్టి అలిసిపోయి ఆవిడ అలాగే ఆమె మీద వాలి బావురుమంది.

“దీనికి పాఠం చెబుతావా? దీనికి?”

“చెబుతాను,” అంది గంటమ్మ నేల మీద నుంచే. “దీన్ని బయటికి తోస్తే, మీ వాణ్ణి తోసినవాడికీ నాకూ తేడా ఏం మిగులుతుంది చెప్పు. వాడు ఏం చేశాడో నేను చూశాను. ఎక్కడ చెప్పాలో అక్కడ చెబుతాను. ఆ మాట ఇస్తున్నాను నీకు. ఈ పిల్లని మాత్రం వదిలెయ్యి.”

దర్జీ భార్య కత్తెర తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత ఎప్పుడూ నేలమాళిగకి రాలేదు.

పదో తరగతి పరీక్షలు అవతలి ఒడ్డున కాలేజీలో. మందులూ పిండీ తెచ్చే సహాయ సంస్థ వ్యాను డ్రైవరు పిల్లల పేర్లు పట్టుకెళ్లి హాల్‌టిక్కెట్లు తెచ్చిపెట్టాడు. రెండు పక్షాలూ ఒప్పుకున్నాయన్నాడు. పరీక్షల ముందు రోజు ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా వంతెన మీద కాల్పులు ఉండవు. ఆరు రోజుల తర్వాత మళ్లీ ఒక గంట, వెనక్కి రావడానికి. తెల్ల గుడ్డ పట్టుకోవాలి.

తొమ్మిది మంది పిల్లలు. ముందు సర్వేయరు గారు, కర్రకి దుప్పటి కట్టి పట్టుకుని. వెనక గంటమ్మ. వంతెన పొడవు ఆయనకి తెలుసు, ఉద్యోగంలో ఉండగా తనే కొలిచాడు. “నాలుగు వందల పన్నెండు మీటర్లు. మీ అడుగులతో ఆరు వందల పైచిలుకు. లెక్కపెట్టుకుంటూ రండి, పక్కకి చూడొద్దు,” అన్నాడు పిల్లలతో.

వంతెన మీద కాలిన బస్సొకటి అడ్డంగా ఉంది. దాని పక్కన ఎప్పుడో చచ్చిన మనిషి, ఎండి ముడుచుకుపోయి. పిల్లలు పక్కకి చూడలేదు. పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకుంటున్నారు. బస్సు దాటారు. సగం దాటారు. సర్వేయరు గారు వెనక్కి తిరిగి, “ఎంతయింది?” అని అడిగాడు.

“మూడు వందల డెబ్భై,” అంది మేనకోడలు.

“నాకు మూడు వందల…”

ఒక్కటే చప్పుడు, కర్ర విరిచినట్టు. ఆయన కూలబడ్డాడు. పొట్ట పట్టుకున్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం ఉబికి వచ్చింది. ఏ ఒడ్డు నుంచి కాల్చారో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. పిల్లలు ఆయన మీద పడ్డారు. రెండో గుండు రోడ్డుకి తగిలి, రాతి ముక్కలు ఒక పిల్లాడి చెంప చీరేశాయి.

“పొండి!” అని అరిచాడు సర్వేయరు గారు. “అమ్మా, తీసుకెళ్లు వీళ్లని! ఏం చూస్తున్నావు?”

“మిమ్మల్ని…”

“నేను ఎనభై కిలోలుంటాను. నీకున్నది ఒక్క భుజం. లెక్క చూసుకో. పో!”

ఆమె లెక్క చూసుకుంది. మూడుసార్లు తప్పిన లెక్క కాదు ఇది. దుప్పటి కర్ర లాక్కుంది. “లేవండి! పరుగు!” అని పిల్లల్ని కాళ్లతో తన్నినంత పని చేసి లేపింది. మేనకోడలు ఆయన చెయ్యి వదలడం లేదు. గంటమ్మ ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసి, జబ్బ పట్టి ఈడ్చింది. ఇంకో మూడు గుళ్లు పేలాయి. వెనక్కి తిరిగి చూడలేదు. అవతలి కొసన ఇసక బస్తాల వెనక సైనికులు చేతులు చాచి పిల్లల్ని లోపలికి లాగారు. తొమ్మిది మంది. ఆమె వేళ్లతో తాకి తాకి లెక్కపెట్టింది. తొమ్మిది మంది.

కాలేజీ గేటు దగ్గర ఒక గుమాస్తా హాల్‌టిక్కెట్లు చూసి, పిల్లల చొక్కాల మీది రక్తం చూసి, “దెబ్బలు ఎవరికి తగిలాయి?” అని అడిగాడు.

“మా మేస్టారికి,” అన్నాడు చెంప చీరుకుపోయిన పిల్లాడు.

సర్వేయరు గారు ఆ మధ్యాహ్నం దాకా బతికే ఉన్నాడు. కాలేజీ మేడ మీది కిటికీలోంచి ఆమె చూసింది. ఆయన మోచేతుల మీద బస్సు వైపు పాకుతున్నాడు, నీడలోకి. వెళ్లనివ్వమని సైనికుల కాళ్లు పట్టుకుంది. గంట అయిపోయింది, ఇప్పుడు వంతెన మీద పిట్ట వాలినా కాలుస్తారు అన్నారు. మూడు గంటలకి ఆయన పాకడం ఆగిపోయింది. ఆమె ఆ కిటికీకి పరీక్ష కాగితాల అట్టలు అడ్డం పెట్టి, మేకులు కొట్టించింది. పిల్లలకి, “సైన్యం వాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు” అని చెప్పింది. నమ్మారో లేదో ఆమె అడగలేదు. పొద్దునే లేపి, మొహాలు కడిగించి, పెన్నులు చేతిలో పెట్టి హాల్లోకి పంపింది.

మూడో రోజు లెక్కల పరీక్ష. ఆ పొద్దున మేనకోడలు మంచినీళ్ల కోసం పైకి వెళ్లి, అట్ట ఒక మూల లేచి ఉంటే దాంట్లోంచి చూసింది. ఏం చూసిందో చెప్పలేదు. పరీక్ష హాల్లో మూడు ప్రశ్నలు రాసి, ఆ తర్వాత బెల్లు కొట్టేదాకా పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుందట.

ఆరో రోజు తిరుగు ప్రయాణం. ఆ గంటలో ఒక్క గుండూ పేలలేదు. గంటమ్మ పిల్లల్ని ఆయన పక్క నుంచే నడిపించాల్సి వచ్చింది, వేరే దారి లేదు. ఇక దాచడానికీ ఏమీ లేదు. వాసన ముందే వచ్చింది. దుప్పటి కర్ర నుంచి విప్పి, నలుగురు పెద్దపిల్లలు నాలుగు కొసలు పట్టుకోగా ఆయన్ని అందులో చుట్టి ఇంటికి తెచ్చారు. ఫర్నిచరు షాపు వెనక పెరట్లో పూడ్చారు.

ఎనిమిది మంది పాసయ్యారు. మేనకోడలు ఒక్కతే తప్పింది, లెక్కల్లో.

యుద్ధం ఆగింది ఆ తర్వాతి ఏడు. ఎవరు గెలిచారంటే గంటమ్మ నోరు విప్పదు. తుపాకుల వాళ్లలో కొందరు పారిపోయారు, కొందరు దొరికారు. తమ్ముడు దొరికాడు. విచారణకి ఒక సంఘం వచ్చి పాత తపాలా ఆఫీసులో కూర్చుంది. పిల్లల్ని కందకాలకి ఎవరు తీసుకెళ్లారో చూసినవాళ్లు చెప్పాలన్నారు. వీధిలో ఎవరూ ముందుకి రాలేదు, రేపు ఎవరి రోజులు వస్తాయో ఎవరికి తెలుసు. ముందు రోజు మరదలు వచ్చి కాళ్ల మీద పడింది.

“వదినా, నీ చేతుల్లో పెరిగాడు. కొట్టింది నిన్నేగా, నువ్వు మర్చిపోయానంటే చాలు.”

“నా పళ్ల సంగతి ఎప్పుడో మర్చిపోయాను అమ్మాయ్,” అంది గంటమ్మ. “పొడుగోడిది నేను మర్చిపోతే వాళ్లమ్మకి ఎవరు చెబుతారు?”

తపాలా ఆఫీసులో బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. తమ్ముణ్ణి పక్క బెంచీ మీద కూర్చోబెట్టారు, చేతులకి బేడీలతో. చిక్కిపోయాడు. ఆమె వాడి వైపు చూడకుండా, బల్ల మీది సిరాబుడ్డి వైపు చూస్తూ చెప్పింది. గీత సంగతి, తుపాకీ పొడవు సంగతి, పదమూడేళ్ల సంగతి, తోపుడుబండి సంగతి. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు.

“ఇతను మీకేమవుతాడు?” అని అడిగాడు రాసుకుంటున్నాయన.

“తోడబుట్టినవాడు.”

ఆయన రాయడం ఆపి తల ఎత్తాడు. బెంచీ మీద తమ్ముడు, “అక్కా” అన్నాడు, చిన్నగా. ఆమెకి ఆరేళ్ల పిల్లాడి గొంతే వినబడింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. “ఇంకేమైనా అడగాలా?” అంది.

బయట మెట్ల మీద దర్జీ భార్య నిలబడి ఉంది. గంటమ్మ మెట్లు దిగుతుంటే, ఒక మెట్టు విరిగి ఉందని చెయ్యి అందించింది. దిగాక వదిలేసి తన దారిన తను వెళ్లింది.

తమ్ముడికి పదకొండేళ్ల జైలు పడింది. మరదలు ఆ రోజు నుంచి గంటమ్మ మొహం చూడలేదు. ఎదురుపడితే వీధి మారిపోయేది. బడి మళ్లీ తెరిచారు, కొత్త మెట్లు కట్టారు. గంటమ్మ ఒంటి చేత్తోనే ఊడ్చేది, విరిగిన భుజం పూర్తిగా అతకలేదు. లెక్కల్లో తప్పినవాళ్లకి మళ్లీ పరీక్ష పెడుతున్నారని, బడికొచ్చి చదువుకోవచ్చని కొత్త హెడ్మాస్టరు చెప్పించాడు. మేనకోడలు పేరు జాబితాలో ఉంది. మనిషి రాలేదు. గంటమ్మ రోజూ గేటు దగ్గర పది నిమిషాలు ఎక్కువ నిలబడేది.

పన్నెండో రోజు వచ్చింది. తల దించుకుని గేటు దాటి, అత్త పక్క నుంచే, అత్తని చూడకుండా వెళ్లి పదో తరగతి గదిలో వెనక బెంచీలో కూర్చుంది. గంటమ్మ పిలవలేదు. గదులన్నీ ఊడ్చి ఆ ఒక్క గదీ చివరికి వదిలేసింది. ఇంటర్వెల్లో వరండా గచ్చు కడుగుతుంటే వెనక అడుగుల చప్పుడు ఆగింది. గంటమ్మ తిరిగి చూడలేదు, ఎక్కడ వెళ్లిపోతుందోనని.

“అత్తా,” అంది పిల్ల చివరికి. “కుళాయిలో నీళ్లు రావడం లేదు.”

“వస్తున్నా ఉండు,” అని గంటమ్మ చీపురు గోడకి ఆనించి లేచింది.